కొలత తప్పిన క్లోరిన్
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగపాఠము)



తెలుగు పల్లెలలో పిల్లలకు ఈత నేర్పిన బడులు చెరువులు, దిగుడుబావులు, పంటకాలువలు. నడుమునకు జీలుగుబెండ్లు కట్టియో, వీపునకు ఎండిన ఆనపబుర్ర తగిలించియో, మేనమామయో పెదతండ్రియో పిల్లవానిని నీటిలోనికి దింపెడివాడు. ఆ కాలము చాలవరకు గడచిపోయినది. బావు లనేకము పూడిపోయినవి. చెరువులలో మురుగు చేరినది. పట్టణములలోను, పెద్ద పాఠశాలలలోను, వినోదస్థలములలోను సిమెంటు ఈతకొలనులు వెలసినవి. వేసవి సెలవులలో పల్లెపిల్లలును బంధువుల యిండ్లకు పోయి అట్టి కొలనులలో దిగుచున్నారు.

కాలువనీరు పారుచుండును. ఒకని ఒంటిమురికి మరియొకని చేరకముందే కొట్టుకొనిపోవును. కొలనునీరు అట్లుగాదు. ఉదయము మొదలు సాయంకాలమువరకు వందలమంది దిగినను ఆ నీరే వడపోతయంత్రములో తిరిగి తిరిగి వచ్చుచుండును. అట్టి నీటిని కాచునది ఒక మందు. దాని పేరు క్లోరిన్. ఆ మందు కొలతకు తగ్గినచో రోగము, మించినచో బాధ, కలుపరానిదానితో కలిసినచో ప్రాణభయము. ఇంత పెద్ద విషయము ఒక చిన్న అంకెపై ఆధారపడియున్నదని ఎరిగినవారు మిక్కిలి తక్కువ.

క్లోరిన్ పల్లెవాసులకు కొత్తది కాదు. వానకాలమున పంచాయతీవారు బావులలోను, ఓవర్‌హెడ్ ట్యాంకులలోను వేయు బ్లీచింగ్ పౌడరులో నున్నది అదియే. 1774లో స్వీడనుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే దానిని మొదట తయారుచేసెను. 1810లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ అది మూలపదార్థమని నిర్ణయించి, దాని లేతాకుపచ్చ వన్నెనుబట్టి క్లోరిన్ అను పేరు పెట్టెను. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణమున టైఫాయిడు చెలరేగినపుడు నీటిగొట్టములను బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేసిరి. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమునకు పోవు త్రాగునీటికి ఎడతెగక క్లోరిన్ కలుపుట ఆరంభమైనది. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించి, టైఫాయిడు, కలరాల బారినుండి లెక్కలేనంతమందిని కాపాడినది.

అదే క్లోరిన్‌ను 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని ఈప్ర్ యుద్ధరంగమున జర్మనుసేనలు పీపాలనుండి గాలిలోనికి వదలినవి. గాలికన్న రెండున్నర రెట్లు బరువైన ఆ వాయువు నేలనంటి ప్రాకి, కందకములలో నున్న సైనికుల ఊపిరితిత్తులను దహించినది. పసిబిడ్డ త్రాగు నీటిని రక్షించునదియు, యుద్ధభూమిలో మనుష్యుని చంపినదియు ఒకే పదార్థము. ఈ రెంటికి నడుమ నున్న గోడ కొలత.

ఆ కొలత యెంత? కొలనునీటిలో పనిచేయుటకు సిద్ధముగానున్న క్లోరిన్ లీటరునకు 1 మిల్లీగ్రామునకు తగ్గరాదని అమెరికా దేశపు వ్యాధినివారణకేంద్రమువారి సలహా. అనగా పదిలక్షల పాళ్ల నీటికి ఒక పాలు. ఒక కొలను 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతు కలదనుకొన్నచో, అందు పట్టు నీరు 3,75,000 లీటర్లు. ఆ నీటికంతటికి కావలసిన క్లోరిన్ 375 గ్రాములు మాత్రమే. నూటికి 30 పాళ్లు క్లోరిన్ గల తాజా బ్లీచింగ్ పౌడరైనచో ఒకటింబావు కిలో అగును. కాని మూత తీసియుంచిన పౌడరు, తేమ తగిలిన పౌడరు, ఏడాది నిలువయున్న పౌడరు సారము కోల్పోవును. సంచి బరువు మాత్రము తగ్గదు. కావున గుప్పిళ్లతో చల్లువాడు ఒకనాడు తక్కువ వేయును, ఒకనాడు ఎక్కువ వేయును. ఏనాడు ఎంత వేసినదియు వానికే తెలియదు.

క్లోరిన్ అంకె యొక్కటియే చాలదు. నీటి పులుపును, క్షారమును తెలుపు అంకె మరియొకటి కలదు. దానిని పి.హెచ్. అందురు. 7 అయినచో నీరు సమముగా నున్నట్లు. అంతకు తగ్గినచో ఆమ్లము, హెచ్చినచో క్షారము. కొలనునీటికి 7.0 మొదలు 7.8 వరకు మంచిదని పై సంస్థవారే చెప్పుదురు. మనుష్యుని కన్నీటి పి.హెచ్. ఇంచుమించు 7.4. క్లోరిన్ నీటిలో రెండు రూపములుగా నుండును. అందొకటి క్రిములను చురుకుగా చంపును, రెండవది మందకొడిది. పి.హెచ్. 7.5 వద్ద చురుకైన రూపము సుమారు సగముండును. 8.5 అయినచో పదవవంతునకు దిగజారును. వేసిన క్లోరిన్ అంతయే; కత్తి యున్నది గాని పదును లేదు. పట్టికలో క్లోరిన్ అంకె వ్రాసి పి.హెచ్. వ్రాయని యజమాని సగము లెక్కయే చెప్పుచున్నాడన్నమాట.

ఎండ మూడవ సంగతి. ఆరుబయటి కొలనులోని క్లోరిన్‌ను సూర్యకాంతి హరించును. దానిని నిలుపు పదార్థము కలుపనిచో గట్టి ఎండలో రెండుగంటలలోనే చాలభాగము నశించును. నిలుపుటకు సయనూరిక్ ఆమ్లమును కలుపుదురు. అది మితిమీరినచో క్లోరిన్‌ను పట్టి బంధించి, క్రిములపై పనిచేయనీయదు. ఆంధ్రదేశపు వైశాఖజ్యేష్ఠముల ఎండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. పిల్లలు అధికముగా కొలనులకు పోవునదియు ఆ దినములలోనే. ఉదయము ఏడుగంటలకు సరిగానున్న నీరు పదకొండుగంటలకు కాపులేని చేనివంటిదగును. అందుచేత దినమున కొకమారు కొలిచి ఊరకుండుట చాలదు.

కొలత తక్కువైననాడు ఏమి జరుగును? లీటరునకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ సరిగా నున్న నీటిలో ప్రమాదకరమైన ఈ-కోలై క్రిమి ఒక నిమిషములోపుననే నశించును. కామెర్లను కలిగించు హెపటైటిస్-ఎ క్రిమికి సుమారు 16 నిమిషములు పట్టును. జియార్డియా అను విరేచనకారికి 45 నిమిషములు. క్రిప్టోస్పోరిడియం అను మరియొక విరేచనకారి మాత్రము పదిదినములకు పైగా బ్రతికియుండును. కాబట్టి మందున్నను విరేచనములతో బాధపడు బిడ్డను కొలనులో దింపుట తోడిపిల్లలకు చేయు ద్రోహమే. మందే లేనినాడు నిమిషములో చావవలసిన క్రిమియు దినమంతయు తిరుగాడును. ఈదువాడు మ్రింగునది ఒక పుక్కిలి నీరు. రోగమునకు అంతకన్న అక్కరలేదు.

1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక జలక్రీడాస్థలపు చిన్నపిల్లల కొలనులో ఇట్లే జరిగినది. క్లోరిన్ చాలని నీటిలో ఈ-కోలై వ్యాపించి, 26 మందికి ఆ జాడ్యము సోకినట్లు పరీక్షలలో తేలినది. కొందరు బిడ్డల మూత్రపిండములు దెబ్బతిన్నవి. ఒక బిడ్డ మరణించెను. మోకాలిలోతు నీటిలో ఆడుకొనుటకు పోయిన పసిపిల్లలు వారు.

అంతకు పూర్వము చెకోస్లోవేకియాలోని ఊస్తీ పట్టణమున జరిగినది మరింత దారుణము. 1962 మొదలు 1965 వరకు అచ్చటి వెచ్చనినీటి కొలనులో ఈదిన 16 మంది యువజనులు మెదడువాపుతో చనిపోయిరి. ముక్కుద్వారమున మెదడునకు ప్రాకు అమీబా యొకటి దానికి కారణమని తరువాత కనుగొనిరి. కొలనుగోడకు వెనుక కట్టిన చాటుగోడ సందులో, మందు చక్కగా అందనిచోట, అది నివాసమేర్పరచుకొనియుండెను. చూచువారికి కొలను శుభ్రముగానే యున్నది. అట్టి అమీబా మెదడువాపు 2024, 2025 సంవత్సరములలో కేరళరాష్ట్రమున పలువురకు సోకగా, అచ్చటి ప్రభుత్వము బావులకు క్లోరిన్ వేయు పనిని విస్తారముగా పూనుకొన్నది. ఈ వ్యాధి అరుదు. ఒకరినుండి ఒకరికి అంటదు, త్రాగుటవలన రాదు. వచ్చినచో బ్రతుకుట కష్టము. వెచ్చని నిలువనీట ముక్కులోనికి నీరు పోనీయకుండుట అందుచేతనే మంచిది.

ఇక వాసన సంగతి. కొలనునుండి కన్నులెర్రజేసికొని వచ్చిన పిల్లవానిని చూచి పెద్దలనుమాట తరచుగా వినబడుచుండును: “వాసన గుప్పున కొడుతోంది. మందు బాగా వేశారు. భయం లేదు.” ఈ మాట తప్పు. సరియైన కొలతలోనున్న క్లోరిన్‌కు అంత ఘాటు లేదు. ఈదువారి చెమటయు, మూత్రమును నీటిలో చేరి క్లోరిన్‌తో కలిసినపుడు క్లోరమీనులను వేరు పదార్థములు పుట్టును. ముక్కు నదరగొట్టు ఆ ఘాటు, కంటిమంట, ఆగని దగ్గు వానివే. అనగా మందు క్రిములపై పనిచేయుటకు మారుగా మురికితో పెనగులాడి ఖర్చైపోయినదని ఆ వాసన చెప్పుచున్నది. పైకప్పుగల కొలనులలో, గాలి ఆడనిచోట, ఆ ఆవిరి నీటిపైననే నిలిచి ఈదువాని ఊపిరిలోనికి పోవును. ఉబ్బసము గలవారికి అది మరింత హాని. అచ్చటనే దినమంతయు నిలుచు కాపలాదారులకును, ఈత నేర్పువారికిని ఉబ్బసము పట్టుట వైద్యులు గుర్తించిన విషయము. దీనికి విరుగుడు ఖర్చులేనిది. కొలనులో దిగకముందు సబ్బుతో స్నానము చేయవలెను. చిన్నపిల్లలను గంటకొకమారు బయటికి తీసికొనిపోయి రావలెను. కొలనులో మూత్రము పోయరాదని వారికి బుద్ధి చెప్పవలెను.

కొలత మితిమీరుటయు చిన్నదోషము కాదు. క్లోరిన్ ఎక్కువైనచో కన్నులు మండును, చర్మము దురదపెట్టును, వెండ్రుకలు పెళుసగును. ఆమ్లము మితిమీరినచో పండ్లకు చేటు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఒక కొలనులో దినదినము సాధనచేయు ఈతగాండ్ర పండ్లపై పింగాణివంటి పూత కరగిపోవుచున్నదని 1983లో బయటపడినది. నీటిని పరీక్షింపగా పి.హెచ్. 2.7 ఉన్నట్లు తేలినది. అది ఇంచుమించు నిమ్మరసపు పులుపు. ఆ బాలబాలికలు నెలల తరబడి ఆ నీటిలో ఈదిరి; కన్నులతో చూచి ఎవ్వరును కనిపెట్టలేకపోయిరి.

అన్నిటికన్న ఘోరము కలుపరానివానిని కలుపుట. బ్లీచింగ్ ద్రావకమును, పి.హెచ్. తగ్గించుటకు వాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లమును ఒకచోట చేరినచో ఆ క్షణముననే క్లోరిన్ వాయువు వెలువడును. 1998లో రోమునగరములోని ఒక కొలనునందు మందు కలుపు యంత్రము చెడి ఇట్లే జరుగగా రెండువందలకు పైబడినవారు ఆ వాయువును పీల్చిరి. వారిలో సగమునకు దగ్గరగా పిల్లలు. ఈ ప్రమాదము కొలనులకే పరిమితము కాదు. ఇంటిలో మరుగుదొడ్డి కడుగుటకు ఆమ్లమును, బ్లీచింగ్ పౌడరును కలిపి పోయు అలవాటు పలుచోట్ల కలదు. “రెండూ కలిపితే బాగా తెల్లబడుతుంది” అని చెప్పుకొందురు. చిన్నగదిలో తలుపు మూసికొని అట్లు చేయు ఇల్లాలు తెలియకయే ప్రాణముతో చెలగాటమాడుచున్నది. ఒకటి వాడి, నీటితో బాగుగా కడిగి, తరువాతనే రెండవది వాడవలెను. అట్లే రెండు వేర్వేరు రకముల కొలనుమందులను ఒకే డబ్బాలో పోయరాదు. నిప్పు పుట్టవచ్చును, పేలవచ్చును. మందును నీటిలో వేయవలెనుగాని మందుపై నీటిని పోయరాదు.

వాయువు వెలువడినచో చేయవలసినది ముందుగా తెలిసియుండవలెను. గాలి వచ్చువైపునకు, ఎత్తైన చోటికి వెంటనే పోవలెను. ఆ వాయువు బరువైనది గనుక గుంటలలోను, మెట్లక్రిందను దాగరాదు. మందు తడిసిన బట్టలు తీసివేసి, కన్నులను శుభ్రమైన నీటితో పదిహేను నిమిషములు తక్కువగాకుండ కడుగవలెను. దగ్గు, ఆయాసము తగ్గినట్లున్నను వైద్యుని చూపించుకొనవలెను. ఊపిరితిత్తులలో నీరు చేరుట కొన్ని గంటలకుగాని తెలియకపోవచ్చును.

ఇన్ని అపాయములు వినినవారు, పిల్లలను ఈతకు పంపకుండుటయే మేలని తలంపవచ్చును. అది సరియైన తీర్పు కాదు. ఏరులు, కాలువలు గల దేశమున ఈతరాని బిడ్డకు నీటిగండ మెప్పుడును పొంచియుండును. ఈత కావలెను, కొలనును కావలెను, అందలి నీటికి లెక్కయు కావలెను.

లెక్క చూచుట కష్టమైన పని కాదు. కొలనునీటిని చిన్న గాజుగొట్టములో తీసికొని మందుబిళ్ల వేసినచో నీరు గులాబిరంగు తిరుగును. రంగు ఎంత చిక్కనైనచో క్లోరిన్ అంత ఎక్కువ. ఆ రంగును పక్కనున్న రంగులపట్టికతో సరిపోల్చి అంకె చదువవలెను. ఆర్థోటోలిడిన్ అను ద్రవముతో పసుపురంగు చూచు పద్ధతి పూర్వమునుండి కలదు. ఆ ద్రవము ఆరోగ్యమునకు మంచిది కాదను కారణమున పలుదేశములు దానిని విడిచినవి. ఇందొక చిక్కు గుర్తుంచుకొనదగినది. క్లోరిన్ మరీ అధికముగా నున్నచో గులాబిరంగు పుట్టినదిపుట్టినట్లే వెలసిపోయి, నీటిలో మందే లేదనిపించును. అది తెలియని పనివాడు మరింత మందు కుమ్మరించును. కొలుచువానికి జీతము మాత్రమే గాక శిక్షణయు ఇయ్యవలె ననుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

బిడ్డను కొలనునకు తీసికొనిపోవు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నేడు క్లోరిన్ ఎంత? పి.హెచ్. ఎంత? చివరిసారి ఏ గంటకు కొలిచిరి? ఆ అంకెలు వ్రాసిన పలక ఎక్కడనున్నది? తరువాత గట్టున నిలిచి, లోతైనచోట అడుగున నున్న నీటితూము తమ కంటికి స్పష్టముగా కనబడుచున్నదా యని చూడవలెను. కనబడనిచో దిగరాదు. మసకనీటిలో మునిగినవాడు పైనున్న కాపలావానికి కానరాడు. తూము కనబడినంతమాత్రమున నీరు మంచిదని తలపరాదు, తేటనీటిలోను క్రిములుండును. ముక్కు బద్దలగు ఘాటున్నచో వెనుదిరుగవలెను. టిక్కెట్టుసొమ్ము పోయిననేమి? ఈ ప్రశ్నలు అడుగుట మర్యాదకు లోపము కాదు. అంగడిలో బియ్యము కొనునపుడు తూకము చూచుట ఎట్లో ఇదియు నట్లే.

కొలను లేని ఊరికిని ఈ పాఠము పనికివచ్చును. ఊరి ట్యాంకులో మందు వేసిన అరగంట దాటిన పిదప, చిట్టచివరి వీధికుళాయివద్ద నీరు పట్టి రంగు చూచినచో, ఆ మందు అందరి యింటికి చేరినదో లేదో తెలియును. ట్యాంకువద్ద సరిగానున్న మందు, పగిలిన గొట్టమున మురుగు చేరినచోట లేకుండ పోవచ్చును. వానకాలమున వాంతులు, విరేచనములు మొదలైన తరువాత బ్లీచింగ్ పౌడరు సంచులకొరకు పరుగిడుటకన్న, వారమున కొకమారు ఆ చివరి కుళాయిని పరీక్షించుట చౌక.

ఇరువదియైదేండ్లుగా ఈ ఊరివారికి అక్షరములు చదువుట నేర్పినది గ్రంథాలయము. నీటి అంకెను చదువుట నేర్పుటయు దాని పనియే. పత్రికలబల్లకు పైగా గోడమీద ఒక నల్లబల్ల వ్రేలాడదీసి, చివరి కుళాయివద్ద చూచిన క్లోరిన్ అంకెను వారము వారము అందు వ్రాయవచ్చును. బడిపిల్లలు ఇద్దరు ఉపాధ్యాయుని వెంట పోయి కొలిచి రాగలరు. ఆ అంకెను చూచి పెరిగిన బిడ్డ, రేపు పట్టణములో ఏ కొలనుగట్టున నిలిచినను, నీటిలో దూకుటకు ముందు పలక యెక్కడనున్నదని తానే వెదకును.